సన్నం చేసిన బావులు

మూడయింది. నాలుగింటికి కింద జీపు ఆగుతుంది, ఈ నక్షను చుట్టచుట్టి ఎత్తుకుపోతుంది, ఐదు లోపల రాజురా తహసీల్ కచేరీలో దింపుతుంది, రేపు పొద్దున మద్దిగూడ చావడి గోడకు దీన్ని అంటించి ఊరివాళ్లను పిలిచి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి అంటారు, ఆ పూట దాటితే నోరున్నవాడికీ లేనివాడికీ తేడా ఉండదు. గంట ఉంది నాకు. ఈ గంటలో ఒక నక్షలోని అక్షరాలన్నిటి రూపం మార్చాలి. రాసింది మార్చమనలేదు, రాసిన తీరు మార్చమన్నారు. సున్నపురాయి కంపెనీవాళ్లు బొంబాయిలో కొత్త సలహాదారులను పెట్టుకున్నారట, వాళ్ల దగ్గర్నుంచి నిన్న రెండు పేజీల ఫ్యాక్స్ వచ్చింది: ఇకనుంచి కంపెనీ నక్షల్లో ఎక్కడ చూసినా ఒకటే అక్షరం, ఒకటే ఎత్తు, రెండున్నర మిల్లీమీటర్లు, నిటారుగా ఉండాలి, వంకర కూడదు, సోకు కూడదు. భూమి పోయేవాడికి అక్షరం వంకరగా ఉంటే ఏం, నిటారుగా ఉంటే ఏం. కానీ మా ఆఫీసు నడిపే సంజీవ్ సార్ ఆ ఫ్యాక్స్‌ను దేవుడి పటంలాగా నా కంప్యూటర్ పక్కన గోడకు అంటించి పోయాడు. ఫ్యాక్స్ కాగితం కదా, ఈ ఎండకు నెల తిరక్కుండా దాని మీది అక్షరాలే మాయమవుతాయి.

కూలర్‌లో నీళ్లు పన్నెండింటికే అయిపోయాయి, ఇప్పుడది బయటి వేడిగాలిని తెచ్చి నా మెడమీద పోస్తోంది. కిటికీ అద్దం మీద బొగ్గు మసి. చంద్రపూర్ జట్‌పురా గేటు దగ్గర ఆటోలు కూడా ఆగిపోయినట్టున్నాయి, చప్పుడు లేదు. కళ్లు మండుతున్నాయి, మూస్తే లోపల కూడా స్క్రీన్ నల్లగా కనిపిస్తుంది, దానిమీద పచ్చగీతలు. ఇరవై రెండేళ్లు ట్రేసింగ్ కాగితం మీద వంగి మెడ పోగొట్టుకున్నాను, ఈ అయిదేళ్లు దీని ముందు కూర్చుని కళ్లు పోగొట్టుకుంటున్నాను, ఇంక మిగిలింది ఏమన్నా ఉంటే వాళ్లే ఫ్యాక్స్ చేసి అడుగుతారు. ఇంట్లో మా ఆయన పనిచేసే నూలు మిల్లు మూతపడి మూడేళ్లు, పొద్దున నేను బయల్దేరేటప్పుడు మంచం మీద లేచి కూర్చుంటాడు, సాయంత్రం నేను వెళ్లేసరికి అదే మంచం మీద అలాగే కూర్చుని ఉంటాడు. కూతురు ప్రతిభ పదకొండో తరగతి. కాబట్టి అక్షరాలు నిటారుగా నిలబెట్టమంటే నిలబెడతాను.

మా ఊరు మద్దిగూడ నక్షలో నలుగురి రాతలున్నాయి, చూసేవాళ్లకు తెలియదు, నాకు తెలుసు. సర్వే నంబర్లు కొలతగాడివి, పుల్లలు విరిచి పేర్చినట్టుంటాయి. రోడ్డు పేర్లు ఇంకెవరో నాగ్‌పూర్‌లో చేసినవి. కింద కంపెనీ పేరు లావు అక్షరాల్లో, పెళ్లిపత్రిక మీద లాగా. మిగిలినవి, ఇళ్ల పేర్లు, చేన్ల పేర్లు, వాగు పేరు, అవన్నీ నావి. ఇంగ్లీషు పెద్దక్షరాలే అయినా కుడివైపు కొంచెం వంగి ఉంటాయి. ఆ వంపు నాది కూడా కాదు, నాకు ఈ పని నేర్పిన అనంతరావు గారిది, ఆయన చేయి నా చేతికి ఎక్కింది. కంప్యూటర్ వచ్చాక కూడా దానిలో వంపు కొలత పెట్టుకుని అలాగే రాస్తూ వచ్చాను. మా అక్కకు చదువు రాదు, అయినా మొదటిసారి నేను చేత్తో గీసిన నక్షను చావడిలో అంటించినప్పుడు దూరం నుంచే చూసి, "గిది మా గిరిజ రాత, గాలికి జొన్నచేను వంగినట్టుంటది" అన్నదట. ఊరంతా నవ్వారట. నవ్వినా, దాన్ని నమ్మారు.

అక్క కిందే ఉంది. రెండింటికే వచ్చింది, రాజురా బస్సు దిగి ఎండలో నడుచుకుంటూ. మెట్లెక్కి తలుపు అద్దంలోంచి చూసి, నేను లేవబోతే చేత్తో వద్దని, లోపలికి తల పెట్టి, "పని చూస్కో, నేను కింద రసం బండికాడ కూసుంట" అన్నది. ఎందుకొచ్చావు అని నేను అడగలేదు, రేపటి చావడి సంగతి దాకా నాకు తెలుసు, దాని తర్వాత సంగతి అడగడానికి నాకు మొహం లేదు. మా అక్క పేరు నర్సవ్వ, ఊళ్లో అందరికీ నర్సక్క. నలభై ఎనిమిదికే జుట్టంతా తెల్లబడింది. మా బావ రాజలింగు పోయి రెండు వానాకాలాలు.

సరే, గంటలో పది నిమిషాలు ఇలాగే తగలబెట్టాను. ప్రోగ్రాం తెరిచాను. ఒక్కొక్క పేరునూ ముట్టుకుని మార్చనక్కర్లేదు, దీన్లో చిన్న ఉపాయం ఉంది, అన్నీ అని చెప్పి, ఏ అక్షరం, ఎంత ఎత్తు అని అడిగితే జవాబు కొడితే చాలు. అన్నీ అన్నాను. వెయ్యి నూట నలభై మూడు పేర్లు దొరికాయి అన్నది. అక్షరం పేరు కొట్టాను. ఎత్తు రెండున్నర. ఎంటర్. ఇంతే. అనంతరావు గారు నాకు ఒక్క 'ఎస్' నేర్పడానికి నెల పట్టింది. మెడ విరుచుకుంటే టక్కుమన్నది. కంప్యూటర్ మెల్లగా పైనుంచి కిందికి మళ్లీ గీసుకొస్తోంది, ముందు వాగు, తర్వాత కోర్పనా వైపు పోయే బాట, తర్వాత ఇళ్లు, నా వంపు అక్షరాలు ఒక్కొక్కటీ పోలీసు కవాతులో లాగా లేచి నిటారుగా నిలబడుతున్నాయి. బాధేమీ కలగలేదు. బాధపడడానికి కూడా ఓపిక కావాలి. ఊరు అయిపోయి చేన్లు మొదలయ్యాయి. అక్కడ ఏమిటో అదనంగా కనిపించింది. కళ్లు నలుపుకున్నాను. సర్వే నంబరు నలభై ఒకటిలో ఒక చిన్న గుండ్రం, దాని పక్కన ఒక పేరు. ఆ గుండ్రం పక్కన పేరు ఉండకూడదు. నలభై నాలుగులో ఇంకొకటి. యాభై రెండులో. యాభై ఎనిమిదిలో. కిందికి వచ్చే కొద్దీ ఒక్కొక్కటే లేస్తున్నాయి, వెల్ రాజన్న, అంటే రాజన్న బావి, వెల్ పోశం, వెల్ అంజన్న, ఒకటొకటిగా పదమూడు.

ఎవరో చేసిన పని కాదు, నేను చేసిందే. ట్రేసింగ్ కాలంలో అనంతరావు గారు పెట్టిన అలవాటు. రాసిన సిరాను బ్లేడుతో గీకితే కాగితం ఆ చోట పల్చబడుతుంది, ప్రింటు తీస్తే అక్కడ మచ్చ పడుతుంది, రెండోసారి గీకితే చిల్లే. అందుకని ఆయన అనేవాడు: "చెరపకు బిడ్డా, సన్నం చెయ్యి. సాహెబులు పొద్దుగాల వద్దంటరు, పొద్దుమీకి మళ్ల కావాల్నంటరు." సన్నం చెయ్యడమంటే ఆ షీటు మళ్లీ గీసేటప్పుడు తీసెయ్యమన్న పేరును తీసెయ్యకుండా, వెంట్రుకంత కలంతో ప్రింటులోకి రానంత చిన్నగా రాసి పెట్టుకోవడం. ఎవరికీ కనిపించదు, రాసినవాడికి మాత్రం ఎక్కడుందో తెలుసు. ఆయన కంప్యూటర్ వచ్చిన రోజు దాని ముందు అయిదు నిమిషాలు నిలబడి, కలాలన్నీ కడిగి, డబ్బాలో పెట్టుకుని వెళ్లిపోయాడు, ఇప్పుడు భద్రావతిలో ఫ్యాక్టరీ క్వార్టర్లలో కొడుకు దగ్గర ఉన్నాడు, రెండు కళ్లకూ పొర. ఆయన పోయాడు కానీ అలవాటు పోలేదు. కంప్యూటర్‌లో కాగితం పల్చబడదు, చిల్లు పడదు, చెరిపేస్తే చెరిగిపోతుంది అంతే, అయినా నేను చెరపలేదు. ఎత్తును పాయింటు తర్వాత పది సున్నాలు పెట్టి ఒకటి వేసినంత చిన్నగా చేసి, చుక్కచేసి వదిలేశాను. ఇప్పుడు అన్నిటికీ ఒకటే ఎత్తు అంటే, అన్నిటిలో అవీ ఉన్నాయి. కంప్యూటర్‌కు కనిపించేదీ కనిపించనిదీ అని లేదు.

ఎందుకు చుక్కలు చేశానంటే తొంభై నాలుగులో కంపెనీ కొలతల అధికారి వచ్చి పరీక్ష ప్రింటు మీద ఎర్ర పెన్సిల్‌తో పదమూడు పేర్లు కొట్టేశాడు. మంచివాడే, టీ తెప్పించుకుని నాకూ పోశాడు. ఇవి బావులు కావమ్మా, మే నెలలో ఎండిపోతాయి, ఎండిపోయేవాటిని గుంతలంటారు అన్నాడు. నక్షలో కింద గుర్తుల పట్టీ ఉంటుంది, దాంట్లో గుండ్రం పక్కన పేరుంటే బావి, పేరు లేకపోతే గుంత. గుండ్రం ఉంచు, పేరు తియ్యి. పేరుంటే ఆ చేను బాగాయతు, నీటిచేను. పేరు లేకపోతే జిరాయతు, వానకు ఎదురుచూసే మెట్టచేను. దేనికి ఎంత పరిహారం అన్నది నేను లెక్కవేయను, లెక్క వేస్తే నిద్ర పట్టదు. సార్ వెనకే నిలబడ్డాడు. నేను ఆ ఊరిదాన్ననీ, ఆ పన్నెండో ఎర్రగీత మా అక్క బావి మీద పడిందనీ చెప్పలేదు. తీసేశాను. తీసేశాననుకున్నారు.

ఆ బావి నేను ఎరుగనా. రెండు ఎండాకాలాలు తవ్వారు. పైన నల్లరేగడి, నడుం లోతు, ఆ కింద అంతా తెల్లరాయి, ఇప్పుడు కంపెనీకి కావలసింది అదే రాయి. బావ లోపల గడ్డపారతో, అక్క పైన మోకుతో గంప లాగుతూ. నేను సెలవులకు పోయినప్పుడు నా చేతికీ మోకు ఇచ్చింది, అరచేతులు లేచిపోయాయి, చంద్రపూర్ వచ్చాక వారం రోజులు కలం పట్టలేకపోతే అనంతరావు గారు తిట్టాడు. నలభై అడుగుల్లో నీళ్లు పడ్డాయి, పాలలాగా తెల్లగా, సున్నం నీళ్లు. అక్క దోసిట్లో పట్టి తాగి మొహం చిట్లించి, మళ్లీ తాగింది. ఆ ఏడు మిరప వేశారు. మే నెలలో నీళ్లు అడుగంటుతాయి, నిజమే. మే నెలలో మా ఆఫీసు కూలర్‌లో కూడా నీళ్లుండవు, దాన్ని ఎవరూ గుంత అనరు.

ఎర్ర పెన్సిల్ పడ్డ ఏడాదికి బావ ఇక్కడికి వచ్చాడు. తెల్లధోతీ, తెల్లటోపీ, సంచిలో పచ్చి పల్లీలు. మొదటి నోటీసు వచ్చింది, అభ్యంతరం ఉన్నదని దరఖాస్తు ఇయ్యాల్నా వద్దా అని ఊరంతా ఆయన్ను నా దగ్గరికి పంపారు. ఈ కుర్చీ వెనకే నిలబడి, స్క్రీన్ మీదికి వంగి, "మన బాయి ఏది పిల్లా?" అన్నాడు. గుండ్రం చూపించాను. "పేరేది?" అన్నాడు. ఆయనకు చదువు రాదు కానీ పేరుండాలన్న సంగతి తెలుసు. పక్క గదిలో సంజీవ్ సార్ ఫోన్‌లో నవ్వుతున్నాడు. నేను గుండ్రం పక్కన చుక్కమీద వేలు పెట్టాను. "ఇగో బావా, గీ చుక్క." "గింత సన్నమా?" "దూరంకెల్లి చూస్తే గట్లనే ఉంటది బావా. అన్నీ ఉన్నయి, నేనే రాసిన." అబద్ధం కాదు. ఆ చుక్కలో ఆయన పేరు ఉంది, మొత్తం ఉంది, ఒక్క అక్షరం తక్కువ కాకుండా. అబద్ధం కాదు కాదు అని నాలుగేళ్లుగా అనుకుంటున్నాను. కంచే చేను మేసిందంటారే, ఆ కంచె కూడా ఇలాగే అనుకుంటుందేమో, నేను మేయలేదు, ఊరికే నోరు పెట్టాను అని. బావ కాసేపు ఆ చుక్కను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. పల్లీల సంచి బల్లమీద పెట్టి పోయాడు. మద్దిగూడలో ఒక్కరు కూడా దరఖాస్తు ఇవ్వలేదు. గిరిజ రాసిందట, అండ్ల ఉన్నయట. తర్వాత కంపెనీ పని ఆగింది, బావ పోయాడు, నేను దినానికి పోయి వచ్చాను, ఆ పని ఇంక జరగదులే అనుకున్నాను. ఆగితే పోయేవి మన నౌకరీలు, మన మిల్లులు. కంపెనీ పనులు ఆగుతాయి కానీ పోవు.

మూడుంబావు దాటింది. ఇప్పుడేం చెయ్యాలి. ఒక్క మీట నొక్కితే అంతా వెనక్కి పోతుంది, అవి మళ్లీ చుక్కలవుతాయి, చుక్కలను ఏరి చెరిపేసి, మళ్లీ అన్నీ అని అక్షరాలు మార్చాలి. అంతకన్నా ఇలాగే ఒక్కొక్కటి ముట్టుకుని చెరపడం సులువు. పదమూడే కదా. మౌస్ పట్టుకుని మొదటిదాని మీదికి పోయాను, సర్వే నంబరు నలభై ఒకటి, రాజన్న. ముట్టుకుంటే గీతలు చిట్లి చుక్కచుక్కలుగా మెరిసింది. ఎంటర్. పోయింది. రాజన్న మనిషి పొడుగు, ఒక చెవి వినపడదు, పెళ్లిళ్లలో వంటవాళ్ల దగ్గర కూర్చుంటాడు. పోశం. పోశం బావి మీద మోట ఉండేది, చిన్నప్పుడు దాని తోలు బొక్కెన చప్పుడు విని పొద్దెక్కిందనుకునేవాళ్లం. ఎంటర్. అంజన్న. అంజన్నది తండ్రి తవ్విన బావి, దాంట్లో తాబేళ్లుండేవి. ఎంటర్. చేయి తనంతట తాను పోతోంది, అలసిన చేతికి జాలి ఉండదు, పని అయిపోవాలన్న తొందర తప్ప. అలా పన్నెండోదాని మీదికి వచ్చాను. వెల్ రాజలింగు. ముట్టుకున్నాను, మెరిసింది. వేలు ఎంటర్ మీద ఉంది. నొక్కలేదు. పక్కకు పోయి పదమూడోది ముట్టుకున్నాను, నొక్కాను, పోయింది.

అప్పుడు చూశాను, నేనేం చేశానో. నక్ష మొత్తంలో ఒక్క బావి మిగిలింది, మా అక్కది. పన్నెండు మందివి నా చేత్తో నేనే తీసేశాను, ఎర్ర పెన్సిల్ ఎవరూ పట్టుకోలేదు, సార్ వెనక నిలబడలేదు. ఒక్కటి ఉంటే ఎవరు చూస్తారులే అని నా మనసు నన్ను అడగకుండానే బేరం కుదుర్చుకుంది. ఆ అధికారి తన కంపెనీ కోసం చేశాడు, నేను నా ఇంటి కోసం చేశాను, ఇంతే తేడా. సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది, కానీ కళ్లలో నీళ్లు ఈ స్క్రీన్ వల్ల పొద్దుటి నుంచీ కారుతూనే ఉన్నాయి, ఏవి ఏ నీళ్లో నాకే తెలియలేదు. వెనక్కి మీట నొక్కాను. పదమూడోది వచ్చింది. మళ్లీ నొక్కాను. పదకొండోది. మళ్లీ. మళ్లీ. అంజన్న వచ్చాడు, పోశం వచ్చాడు. ఇంకొక్కసారి. రాజన్న వచ్చాడు. అక్కడ ఆపాను. ఇంకొక్కసారి నొక్కితే అన్నీ మళ్లీ చుక్కలు. చేతిని మీట మీదినుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

ఉంచితే ఏమవుతుంది. పట్టుకుంటే నౌకరి పోతుంది, అది తెలుసు. ఎవరు పట్టుకుంటారు అన్నది వేరే. ఆ ఎర్ర పెన్సిల్ ప్రింటు కింద గోదాములో చెదలు తిన్నది, ఆ అధికారి బదిలీ అయ్యాడు, ఇప్పుడున్నవాళ్లు బొంబాయి నుంచి అక్షరాలు చూస్తారు, ఊరు చూడరు. నక్షను దగ్గరికి తెచ్చుకుని చూశాను. వెల్ రాజన్న. దాని కింద సర్వే నంబరు. ఆ మూల కంపెనీ పేరు. అన్నీ ఒకటే. నిన్నటిదాకా అయితే వంపు చూసి ఇది గిరిజ చేసిందని సంజీవ్ సార్ కళ్లు మూసుకుని చెప్పేవాడు. ఇప్పుడు ఏది కొలతగాడు రాశాడో, ఏది నాగ్‌పూర్‌లో రాశారో, ఏది నేను రాశానో దేవుడు కూడా చెప్పలేడు. వంపు పోయిందని నిన్నంతా లోపల ఏడ్చినదాన్ని, ఇప్పుడు ఆ ఫ్యాక్స్ వైపు చూస్తే నవ్వొచ్చింది. సేవ్ చేశాను. ప్లాటర్‌కు పంపాను.

ప్లాటర్ కలం పట్టుకుని రాస్తుంది, అటూ ఇటూ పరుగెత్తుతూ, మనిషి చేయి లేకుండా. మొదటి కాగితం చివరికొచ్చేసరికి కలం ఎండిపోయి ఒక మూల గీతలు తెగాయి, కలం మార్చి రెండోది పెట్టాను, గీతలు తెగిన కాగితాన్ని మడిచి నా సంచిలో పెట్టుకున్నాను. ఇరవై నిమిషాలు దాని ముందు నిలబడ్డాను, కాళ్లు లాగుతున్నాయి, కూర్చోవాలని లేదు. సంజీవ్ సార్ వచ్చాడు. "ఝాలం కా, గిరిజాతాయి?" అయిందా అని. అయిందన్నాను. ఫ్యాక్స్ గోడమీంచి పీకి చేతిలో పట్టుకుని, స్కేలు పెట్టి, కంపెనీ పేరు ఎత్తు కొలిచాడు, వాగు పేరు కొలిచాడు, ఒక సర్వే నంబరు కొలిచాడు. సరిగ్గా రెండున్నర. ఆయన మొహం విప్పారింది. తర్వాత స్కేలు పోయి పోశం బావి మీద ఆగింది. దాన్నీ కొలిచాడు. రెండున్నర. స్కేలు తీయకుండా, "విహిరీ ఇతక్యా హోత్యా?" అన్నాడు. ఇన్ని బావులు ఉండేవా అని. "హోత్యా, సర్," అన్నాను. ఉండేవి. ఆయన నా వైపు చూసిన చూపు ఏమిటో ఇప్పటికీ నాకు తెలియలేదు. కింద జీపు హారన్ కొట్టింది. ఆయన జేబులోంచి పెన్ను తీసి సంతకం పెట్టి, నక్షను తానే చుట్టి, రబ్బరు వేసి, మెట్లు దిగిపోయాడు.

నేను దిగేసరికి జీపు మలుపు తిరుగుతోంది. అక్క చెరుకురసం బండి నీడలో, ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుంది. పక్కన కూర్చున్నాను. గీతలు తెగిన కాగితం తీసి మోకాళ్ల మీద పరిచాను. అక్క వంగి చూసి, "గిది నీ రాత గాదు గదనే," అన్నది.

"కాదక్కా. మిషిన్ రాత. అందరిది ఒక్క తీర్గనే ఉంటది."

"మీ బావ పేరేది?"

వేలు పట్టుకుని పెట్టాను. అక్క వేలు దాని మీద అటూ ఇటూ జరిగింది. "గప్పుడు చుక్కున్నదన్నడు. గింత పెద్దగున్నదేందే?"

చెప్పేశాను. ఎర్ర పెన్సిల్ సంగతి, చుక్క సంగతి, బావకు చూపించింది పేరు కాదు, కొట్టేసిన పేరు అన్న సంగతి, దరఖాస్తు ఇవ్వమని చెప్పాల్సినదాన్ని, అన్నీ ఉన్నయని పంపాను అన్న సంగతి. రోడ్డు మీద, నలుగురి మధ్య, గొంతు తగ్గించకుండా చెప్పాను, తగ్గించే ఓపిక లేదు. అక్క నా మొహం చూడలేదు, కాగితమే చూస్తోంది.

"మీ బావకు ఎర్కనే," అన్నది. "ఇంటికొచ్చి నాతోనే అన్నడు. పిల్ల చుక్క చూపెట్టి కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది, మన బాయి కొట్టేసినట్టున్నరు, మనం దరఖాస్తు ఇస్తే దాని మీదికొస్తది, దాని నౌకరి పోతది, మనం ఇయ్యద్దు అన్నడు. మందియి గూడ కొట్టేసిండ్రని ఆయనకు తెల్వది. మనదొక్కటే అనుకున్నడు."

ఎండ నా కాళ్ల దాకా వచ్చింది. బండివాడు గ్లాసులు కడుగుతున్నాడు. అక్క తన కొంగుతో నా మెడ తుడిచింది, చిన్నపిల్లకు తుడిచినట్టు కాదు, పనిచేసి వచ్చిన మనిషికి తుడిచినట్టు. తర్వాత కాగితం మీద కలం ఎండిపోయి గీతలు తెగిన చోటును చూపించి, "గీడంగ గిట్ల తెగింది. పెద్ద కాయితం మీద గిట్లనే ఉన్నదా?" అన్నది.

"లేదక్కా. అండ్ల మంచిగున్నది."

"మందియి?"

"అందరియి ఉన్నయి. పదమూడు."

అక్క నమ్మలేదు. నమ్మకపోవడం న్యాయమే. వేలు నా చేతికిచ్చి ఒక్కొక్కటీ అడిగింది, పోశంది ఏది, అంజన్నది ఏది, గంగవ్వది ఏది, ఇస్తారిది ఏది, నేను పెడుతూ పోయాను, ఆమె వేళ్లు మడుచుకుంటూ పోయింది. పన్నెండయ్యాయి. చేయి గాల్లో ఆపి, ఎవరిని మరిచిపోయానా అని ఆలోచించి, "రాజన్నది?" అన్నది.

ఆమె వేలిని, నేను మొదట చెరిపిన సర్వే నంబరు నలభై ఒకటికి తీసుకుపోయాను. పేరు మీద పెట్టాను.

"ఉన్నదక్కా," అన్నాను.